‘ఎక్లిప్స్’ అను క్రియకు తెలుగేది?

చాల యేండ్ల క్రిందట, ఆంగ్లవార్తలను తెలుగు చేయు పనిలో నేను కుదురుకొనుచున్న రోజులలో, నా ప్రక్కబల్లవద్ద కూర్చుండి పనిచేయు ఒక యువకుడు, అన్నదమ్ములైన యిద్దరు గాయకులనుగూర్చిన వార్త నొకదానిని అనువదించుచు, తమ్ముని పాట అన్నగారి పాటను ‘ఎక్లిప్స్’ చేసినదను అర్థముగల వాక్యమునకు, ‘తమ్ముడు అన్నగారి పాటకు గ్రహణము పట్టించెను’ అని వ్రాసి నా చేతికిచ్చినాడు. నేను ఆ వాక్యముక్రింద గీత గీయగా, ‘తప్పేమున్నదండీ? ఎక్లిప్స్ అంటే గ్రహణమే గదా’ అని అడిగినాడు. ‘గ్రహణమే నాయనా, కాని యీ వాక్యము మీ అమ్మగారికి చదివి వినిపించితే ఆమె యేమనుకొనును?’ అంటిని. అతడు కొంచెము సేపు ఆలోచించి, ‘తమ్ముడేదో అన్నకు కీడు చేసినాడనుకొంటుంది’ అన్నాడు. ఆనాడు ఆ వాక్యమును ‘తమ్ముని పాట ముందు అన్నగారి పాట వెలవెలబోయినది’ అని దిద్ది పంపితిమి. అచ్చు వెలువడినది, పత్రిక పాతబడినది. ఆ దిద్దుబాటు మాత్రము నా మనస్సును విడువలేదు. మాటకు మాట సరిపోయియు భావము తలక్రిందులైన యీ వింత ఎట్లు సంభవించినదో తెలిసికొనవలెనని అప్పుడు పుట్టిన కోరికయే యీ వ్యాసమునకు మూలము.

ఎక్లిప్స్ అనునది ఇంగ్లీషువారు కన్న మాట కాదు. ప్రాచీన గ్రీకుభాషలో ‘ఎక్లైప్సిస్’ అనగా విడిచిపోవుట, ఉండవలసిన చోట లేకపోవుట. అది లాటినులోనికి పోయి, ప్రాచీన ఫ్రెంచిభాష మీదుగా నడచి, పదునాలుగవ శతాబ్దినాటికి ఇంగ్లీషులో స్థిరపడినది. పట్టపగలు ఆకాశమున సూర్యుడు మాయమైనప్పుడు గ్రీకువానికి తోచినది, సూర్యుడు మనలను విడిచిపోయినాడని. అదే దృశ్యమును చూచిన మన పూర్వులకు తోచినది వేఱు. ‘గ్రహ్’ అను సంస్కృతధాతువునకు పట్టుకొనుట అని యర్థము. సూర్యుడు విడిచిపోలేదు, ఆయనను ఎవరో పట్టుకొన్నారు. రాహుకేతువుల కథ ఈ పట్టుకొనుటనుండియే చిలువలు పలువలుగా పెరిగినది. నేటికిని తెలుగిండ్లలో గ్రహణము ‘పట్టినది’ అనియు ‘విడిచినది’ అనియు అనుటయు, పట్టుస్నానము విడుపుస్నానము అని రెండు వేళలను వేఱుచేయుటయు ఆ ధాత్వర్థమును అక్షరాలా నిలుపుకొన్న వ్యవహారములే.

అందువలన తెలుగున గ్రహణము ఉపమానమైనపుడు అది చెఱను సూచించును. కట్టుచున్న వంతెన సగములో ఆగిపోయిన, ‘ఆ వంతెనకు గ్రహణము పట్టినది’ అందుము. పని మరల సాగినపుడు ‘గ్రహణము విడిచినది’ అందుము. పట్టబడిన వస్తువు యొక్క విలువ దీనివలన రవ్వంతయు తగ్గదు. కొంతకాలము దాని గమనము నిలిచిపోవును, అంతే. ఇంగ్లీషు వాడుకలోని ఎక్లిప్స్ అట్టిది కాదు. ఒకడు ఇంకొకని ఎక్లిప్స్ చేసెనన్న, ఆ రెండవవాని కీర్తి మొదటివాని కీర్తి యెదుట కానరాకపోయెనని భావము. ఇందు విడుపు లేదు, విడుపుస్నానము అంతకన్న లేదు. ఒకే యాకాశదృశ్యమునుండి పుట్టిన రెండు మాటలు రెండు త్రోవలు పట్టిపోయినవి కనుక, ఒకదానిస్థానమున ఇంకొకదానిని నిలుపరాదు. మా యువకుని వాక్యము తప్పినది ఇక్కడనే.

ఇంతకును ఇంగ్లీషువారి యీ ఉపమానము ఆకాశశాస్త్రముతో పొసగునా యని చూచిన, అదియు పొసగదు. చంద్రుని వ్యాసము సుమారు 3,476 కిలోమీటర్లు. సూర్యుని వ్యాసము దానికి దాదాపు నాలుగువందల రెట్లు. అయినను సూర్యుడు చంద్రునికన్న దాదాపు నాలుగువందల రెట్లు దూరమున నుండుటచేత, మన కన్నులకు రెండు బింబములును ఇంచుమించు సమానముగా కనబడును. ఈ సమానత్వము వలననే, మనకును సూర్యునకును నడుమ వచ్చిన చంద్రుడు, తాను సూర్యునిలో నెన్నియో కోట్లవ వంతయినను ఆయనను పూర్తిగా కప్పగలుగుచున్నాడు. అనగా సూర్యగ్రహణమున చిన్నది పెద్దదానిని మఱుగుపఱచును. వెలుగు లేనిది వెలుగుగలదానిని కప్పును. దాని బలమంతయు దగ్గరగా నుండుటలోనే కలదు. మనుష్యులయందు ఈ శబ్దమును ప్రయోగించునపుడు ఇంగ్లీషువారు చెప్పదలచినది దీనికి విపరీతము. అధికతేజస్సు గలవాడు అల్పతేజస్సు గలవానిని వెలవెలపోజేయునని వారి తాత్పర్యము. అది గ్రహణమునందు జరుగదు. ప్రతిదినము తెల్లవాఱునప్పుడు జరుగును. సూర్యుడు పొడువగానే చుక్కలు కానరాకపోవుట యేదో, అదే వారు చెప్పదలచిన దృశ్యము. మన కవులు ఇట్టి చోట ఎప్పుడును సూర్యోదయమునే పట్టుకొన్నారుగాని గ్రహణమును పట్టుకొనలేదు. ఈ విషయమున మనవారి చూపే నిశితమని నా నమ్మకము.

అయినను లోకవ్యవహారము శాస్త్రము చెప్పినట్లు నడువదు. 1764వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన, వలయాకార సూర్యగ్రహణము పట్టిన దినమున, ఇంగ్లండులో ఒక గుఱ్ఱపుపిల్ల పుట్టినది. గ్రహణమునాడు పుట్టినందువలన దానికి ఎక్లిప్స్ అని పేరు పెట్టిరి. ఐదేండ్ల ప్రాయమున పందెములలోనికి దిగిన ఆ గుఱ్ఱము పదునెనిమిది పందెములలో పరుగెత్తి ఒక్కదానిలోనైనను ఓడలేదు. తక్కిన గుఱ్ఱములు దానికి ఎంత వెనుకబడెడివనగా, దాని యెదుట పందెమునకు దింపు గుఱ్ఱము దొరకుట కష్టమై, రెండేండ్లలోనే, 1771లో, దానిని పందెములనుండి విరమింపజేసిరి. ఇంగ్లండులో పుట్టిన మేలుజాతి పందెపుగుఱ్ఱములలో అత్యధికభాగము తండ్రి వరుసలో ఆ యొక్క గుఱ్ఱమునకే వంశ్యులు. దాని యస్థిపంజరమును పశువైద్యకళాశాలవారు నేటికిని భద్రపఱచియున్నారు. గ్రహణమునాడు పుట్టుటచే వచ్చిన పేరు, తక్కినవానిని వెనుకకు నెట్టుట అను అర్థమునకే గుర్తుగా నిలిచిన విచిత్రము ఇది.

ఎక్లిప్స్‌తో జ్ఞాతిత్వము గల క్రియలు ఇంగ్లీషున ఇంకను కొన్ని యున్నవి. నిఘంటువులలో అవన్నియు పర్యాయపదములుగా ఒకే వరుసలో కూర్చుండును. కాని పర్యాయపదములనునవి ఒకే తల్లిబిడ్డలవలె ముఖములు కలిసియు గుణములు కలియనివి. లండనులో పీటర్ మార్క్ రోజె అను వైద్యుడు 1852లో, తనకు డెబ్బదిమూడేండ్ల వయస్సున, మాటలను అర్థముల ననుసరించి గుంపులుగా కూర్చి ప్రకటించిన సుప్రసిద్ధకోశము వ్రాయువారికి చేసిన మేలు కొలువరానిది. మన అమరసింహుడు ఎన్నియో శతాబ్దులకు ముందే నామములవిషయమున అట్టి కూర్పును చేసి పెట్టియుండెను. కాని గుంపులో చేర్చిన మాటలను మరల విడదీసి, దేని చోటు దేనిదో తెలిసికొనుట చదువరి పని.

‘ఔట్‌షైన్’ అను మాటను చూతము. ‘షైన్’ అనగా ప్రకాశించుట. దానికి ముందు ‘ఔట్’ చేర్చిన, ఇంకొకనికన్న మిన్నగా ప్రకాశించుట. ఇంగ్లీషుభాష కున్న సులువులలో ఈ ‘ఔట్’ ఒకటి. పరుగెత్తు, బ్రదుకు, పెరుగు అను అర్థములుగల యే క్రియకైనను దీనిని ముందు తగిలించిన, వెంటనే అది ‘మించి పరుగెత్తు, మించి బ్రదుకు, మించి పెరుగు’ అను సకర్మకక్రియగా మాఱును. షేక్స్‌పియరునకు ఈ యుపసర్గమనిన ఎంత మక్కువయో ఆయన నాటకములు చదివినవారు ఎఱుగుదురు; క్రూరుడైన హెరోదురాజు పేరునకు సైతము దీనిని తగిలించి ఆయన క్రియ నొకదానిని పుట్టించినాడు. మన భాషలో ఈ పని ‘మించు, మీఱు’ అనునవి చేయును. తమంతట తాము నిలువగల యీ మాటలకు ‘కంటె’ తోడైన చాలును. ఔట్‌షైన్ అనుటలో దోషమేదియు లేదు. దీపము తన పాటికి తాను వెలుగును. ప్రక్కదీపము వెలవెలపోయిన, అది ఈ దీపము తలపెట్టినది కాదు.

‘ఓవర్‌షాడో’ అను మాట ఇంకను పాతది, ఇంకను లోతైనది. వేయేండ్లనాటి ప్రాచీన ఇంగ్లీషులోనే అది కలదు. లాటినులోని క్రైస్తవసువార్తలను తమ భాషలోనికి తెచ్చుకొనినపుడు, మేఘము వచ్చి శిష్యులను కప్పినదని చెప్పుటకును, దైవశక్తి కన్యను ఆవరించుననుటకును వారు ఆ మాటనే వాడిరి. ఆనాడు నీడ కప్పుట దయ, రక్షణ. కాలము గడచినకొలది ఆ నీడయే భారమైనది. పెద్దవాని నీడలో చిన్నవాడు పెరుగలేకపోవుట అను అర్థము వచ్చి చేరినది. తెలుగున నీడ యింకను ఆ పాత దయనే నిలుపుకొన్నది. తలదాచుకొన నీడ లేదు అందుము, నీ నీడన బ్రదికితిమి అందుము, చల్లని నీడ అందుము. పెద్దల నీడ మనకు వరము. అయినను మఱ్ఱిచెట్టు నీడలో మఱొక చెట్టు పెరుగదని కూడ మన పల్లెలలో అందురు. ఎండ యెఱుగని నేలయందు విత్తనము మొలకెత్తినను పాలిపోవునని సేద్యము చేయువారందఱికిని తెలిసిన సంగతియే. ప్రేమగల పెద్దవాని నీడయే చిన్నవానిని పాలిపోజేయుట కలదు. ఓవర్‌షాడో అను మాటలోని వేదన అది. దీనిని తెలుగున ‘కప్పివేసెను’ అని మొండిగా చెప్పుటకన్న, ‘తండ్రి పేరు చాటున కొడుకు పేరు వెలుగులోనికి రాలేదు’ అని చెప్పిన, ఆ వేదన అందులో నిలుచును. ‘చాటు’ అను రెండక్షరముల మాట ఇచట చేయు పనిని ఏ సమాసమును చేయజాలదు.

‘డ్వార్ఫ్’ అను క్రియ ప్రక్కవానిని మరుగుజ్జుగా కనబడజేయుట. దీనికి మనకు ‘చిన్నబోవు’ చాలును. దానిపై ఇంతకన్న చెప్పవలసినది లేదు.

కాని ‘అప్‌స్టేజ్’ అను మాటవద్ద కొంతసేపు నిలువక తప్పదు. ఇది నాటకశాలలో పుట్టిన మాట. పదునాఱవ శతాబ్దిలో ఇటలీలో, రంగస్థలమునకు వెనుక దూరదృశ్యములను వ్రాసి నిలుపునపుడు, వీథులు నిజముగా దూరమునకు పోవుచున్నట్లు కనబడుటకై, వేదిక నేలను ప్రేక్షకులవైపు పల్లముగను వెనుకవైపు మిట్టగను కట్టుచుండిరి. సెబాస్టియానో సెర్లియో అను శిల్పి 1545లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి వేదికయొక్క చిత్రము కలదు. ఆ పద్ధతి ఇంగ్లండునకును వచ్చినది. అందుచే వేదికపై వెనుకభాగము ‘మీది’ భాగము, ప్రేక్షకుల దగ్గరి భాగము ‘క్రింది’ భాగము అయినది. నేలలు చదునైన యీ దినములలోను ఆ పేళ్లు పోలేదు. ఇప్పుడు ఇద్దరు నటులను ఆ వేదికపై నిలిపి చూడుడు. ఇద్దరును ప్రక్కప్రక్కగా నిలిచి మాటలాడుకొనుచున్నంతసేపు ఇద్దరి ముఖములును సభకు సగము సగము కనబడుచుండును. వారిలో ఒకడు, అవతలివాడు మాటలాడుచుండగానే, మెల్లగా రెండడుగులు వెనుకకు వేసినాడనుకొనుడు. తన ముఖము ఇప్పుడు పూర్తిగా సభవైపున నున్నది. అవతలివాడు అతనితోనే మాటలాడవలసియున్నందున, అతనివైపు తిరుగక తప్పదు. తిరిగినంతనే అతని వీపు సభకు వచ్చును. పలుకు అవతలివానిది, ముఖము ఇవతలివానిది. ప్రేక్షకుల చూపు ముఖమువైపునకే పోవును. ఇంతయు రెండడుగుల పని. అందు గొప్ప ప్రతిభ లేదు, అధికమైన కాంతి లేదు. నిలిచిన చోటును మార్చుకొనిన నేర్పు మాత్రమే కలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఈ మాట క్రియయై, నాటకశాల దాటి వీథిలోనికి వచ్చి, పెండ్లిలో పెండ్లికూతునికన్న ప్రస్ఫుటముగా అలంకరించుకొనివచ్చిన చుట్టమువఱకును, సభలో వక్త మాటలాడుచుండగా లేచి దండలు పంచినవానివఱకును వ్యాపించినది.

దీనికి తెలుగేదని నేను చాల వెదకితిని. దొరకినది గ్రంథములలో కాదు. చిన్నతనమున మా యూరి తిరునాళ్లలో పెట్రోమాక్సు దీపముల వెలుగున పాండవోద్యోగ నాటకము చూచుట నాకు జ్ఞాపకము. ధర్మరాజు ముందు నిలిచి, కన్నులు మూసికొని, హార్మోనియముతో పోటీపడుచు పద్యము తీసికొనుచుండగా, వెనుకనున్న భీముడు ఒక్క మాటయు పలుకక, గదను ఒక భుజమునుండి ఇంకొక భుజమునకు మార్చి, పండ్లు కొఱికి, మీసము మెలివైచెను. పిల్లల మందఱము భీమునే చూచుచుంటిమి; పెద్దలు కూడ. ధర్మరాజు తీసిన రాగము మా తలలమీదుగా పోయినది. నాటక మయిన పిదప తెర వెనుకకు దూరి చూడగా, ధర్మరాజు వేషధారి రంగు తుడుచుకొనుచు, ‘ఒరే నాయనా, నా పద్యమంతా నీ గద తినేసిందిరా’ అనుచుండెను. ఆ గొంతులోని నొప్పి నాకు నేటికిని వినబడుచున్నది. నాటకములవారు, సినిమావారు నేడును ‘సీను తినేశాడు’ అందురు. అప్‌స్టేజ్ అను క్రియకు ఇంతకన్న సరియైన తెలుగు లేదు. ఎదుటివాని విస్తరిలోనిది ఎత్తి తినుట అను దృశ్యము అందులో నున్నది. పూనికతో చేసిన పని యను తీర్పును అందులోనే యున్నది. పండితులు ఈ మాటను నిఘంటువులలోనికి రానిచ్చుటకు సంకోచింపనక్కఱలేదు.

దీనికి దగ్గరిదే ‘ఉఱుమును దొంగిలించుట’ అను ఇంగ్లీషువారి పలుకుబడి. జాన్ డెన్నిస్ అను నాటకకర్త 1709లో లండనులోని డ్రూరీ లేన్ నాటకశాలలో అప్పియస్, వర్జీనియాల కథను ప్రదర్శించుచు, ఉఱుముల చప్పుడు పుట్టించుటకు కొత్త ఉపాయమొకటి కనిపెట్టెను. నాటకము నిలువక కొలదిదినములలోనే ఆగిపోయినది. తరువాత అదే శాలలో షేక్స్‌పియరుని మాక్బెత్ ఆడుచుండగా చూడబోయిన డెన్నిస్‌కు తన యుఱుమే తనకు వినబడినది. అతని నాటకమును త్రోసివేసినవారు అతని యుఱుమును మాత్రము ఉంచుకొనిరి. ఆనాడు అతడు పడిన యావేశము లోకోక్తియై నిలిచినది. ఇచట కప్పుట లేదు, మించుట లేదు, ఉన్నది అపహరణము. ఒకడు చెప్పబోవు శుభవార్తను ఇంకొకడు ముందుగా చెప్పివేసినపుడు ఇంగ్లీషువారు ఈ పలుకుబడినే వాడుదురు.

ఈ క్రియలన్నిటిని వరుసగా చూచినపుడు ఒక సంగతి తేటపడును. ఇంగ్లీషున ఈ వాక్యములకు కర్త ఎల్లప్పుడును గెలిచినవాడు. అతడు మించెను, అతడు కప్పెను, అతడు మఱుగుపఱచెను. తెలుగు నుడికారము ఎక్కువగా ఓడినవాని ప్రక్కన నిలుచును. వెలవెలబోవు, చిన్నబోవు, తేలిపోవు, మాసిపోవు, మఱుగునపడు, కనుమఱుగగు: ఇవన్నియు అకర్మకములు, గెలిచినవాడు ఈ వాక్యములలో ‘ముందు’ అను మాట ప్రక్కకు ఒదిగి కూర్చుండును. చంద్రుని ముందు దివిటీ వెలవెలబోయినది. చంద్రుడు దివిటీకి ఏమియు చేయలేదు, ఉన్నాడు, అంతే. గెలుపులో దోషము లేనిచోట మన భాష గెలిచినవానిపై నేరము మోపదు, ఓడినవాని ముఖమును మాత్రము చూపును. సకర్మకములు మనకు లేవని కాదు. ‘తలదన్ను’ అనునది ఉన్నది. తాతను తలదన్నిన మనుమడని తాతగారే మురిసి చెప్పుకొందురు. పెద్దల తలను తన్నుట మహాపరాధమైన దేశమున ఆ మాట ముద్దుగా మాఱుట చూడగా, భాషయొక్క హృదయమెంత విశాలమో కదా యనిపించును.

వీనియందెల్ల నాకు మిక్కిలి ప్రియమైనది ‘దిగదుడుపు’. ‘ఆమె గానము ముందు వీరి గానము దిగదుడుపే’ అని యనువారిలో ఆ మాట ఎచటినుండి వచ్చినదో తలచువారు తక్కువ. పసిబిడ్డ పాలు త్రాగక యేడ్చుచుండగా, అమ్మమ్మ పిడికిట ఉప్పు, ఎండుమిరపకాయలు తీసికొని, బిడ్డకు తలనుండి పాదముల వఱకు మూడుసారులు త్రిప్పి దిగదుడిచి, వానిని నిప్పులలో వేయును. మిరపకాయలు చిటపటలాడి ఘాటు రాకున్న ‘చూచితిరా, ఎంత దృష్టియో’ అనును. ఆ దిగదుడిచిన ఉప్పే దిగదుడుపు. ఒకరి యెదుట ఇంకొకరు దిగదుడుపనగా, ఆ గొప్పవానికి దృష్టి తగులకుండ చుట్టు త్రిప్పి పారవేయుటకు మాత్రమే వీరు తగుదురని భావము. పొగడ్త, అలక్ష్యము, వాత్సల్యము మూడును ఒకే పదమున ముడిపడిన ఇట్టి మాటకు ఇంగ్లీషు చేయుమన్న, నేను చేతులు జోడింతును.

సంస్కృతాలంకారికుల త్రోవ వేఱు. వారు ఓడినవానిని కాక, ఆ ఇద్దరికి నడుమనున్న సంబంధమును చూచిరి. దండి తన కావ్యాదర్శమున పోలికను తెలుపు మాటలను ఏకరువుపెట్టుచు, వానిలో స్పర్ధించుట, జయించుట, పరిహసించుట, అసూయపడుట, ఎదుటిదాని కాంతిని దోచుకొనుట అను అర్థములు గల క్రియలను కూడ చేర్చినాడు. ముఖము పద్మమును జయించెనన్నను, పద్మమును నవ్వెనన్నను, అవి రెండును సదృశములని చెప్పుటయే యని ఆయన మతము. ఇది చాల లోతైన మాట. ఏ విధముగను పోలిక లేనివారిలో ఒకరు ఇంకొకరిని మించుట యుండదు. వెలుగునకును వెలుగునకునే పోటీ. ఉపమేయము ఉపమానమును మించిన వ్యతిరేకాలంకారమనిరి. ఉపమానమే వ్యర్థమన్నట్లు చెప్పిన ప్రతీపమనిరి. ఇంకొకటి మీలితము. సహజముగనే ఎఱ్ఱనైన పాదమునకు లత్తుక పూసినను ఆ లత్తుక కానరాదని అప్పయ్యదీక్షితుల కువలయానందమున దీనికి ఉదాహరణము. అచట పాదము లత్తుకను ఓడింపలేదు, తనలో కలుపుకొన్నది. లత్తుక పోలేదు, అచటనే యున్నది. మన కన్నులకే దానిని వేఱుగా చూచు శక్తి లేదు.

ఆ లత్తుకవలె ఎల్లప్పుడును ఉండియు కానరానిది సూర్యునికే కలదు. సూర్యబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలు లేచుచుండును. బింబపు వెలుగులో అవి మన కన్నులకు కనబడవు. ఉత్త కన్నులకు అవి కనబడవలెనన్న సంపూర్ణగ్రహణము పట్టవలెను. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన అట్టి గ్రహణము మన తెలుగుదేశము మీదుగా పోయినది. దానిని చూచుటకు ఫ్రాన్సునుండి పియెర్ జాన్సెన్, ఇంగ్లీషువారి పక్షమున టెన్నంట్ గుంటూరునకు వచ్చిరి. మద్రాసు నక్షత్రశాలాధికారి నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్టణమునకు పోయెను. చంద్రుడు బింబమును కప్పినంతనే జ్వాలలు బయటపడినవి. వర్ణమాపకయంత్రములో వాని వెలుగు గీతలుగా విడివడినది. మఱునాడు గ్రహణము లేకయే జాన్సెన్ గుంటూరిలో ఆ గీతలను మరల చూడగలిగెను. అక్టోబరులో ఇంగ్లండున నార్మన్ లాకయర్ స్వతంత్రముగా అట్లే చూచెను. ఇరువురి లేఖలును పారిసులోని శాస్త్రపరిషత్తునకు ఒకే దినమున చేరుటచే, ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించి ఫ్రెంచి ప్రభుత్వము గౌరవించెను. ఆ గీతలలో పసుపుపచ్చనిదొకటి భూమిపై నెవ్వరును ఎఱుగని మూలకపదార్థమునకు చెందినదని లాకయర్ ఊహించెను; హీలియమని పేరు వచ్చిన ఆ వాయువును 1895లో రామ్సే అను రసాయనశాస్త్రజ్ఞుడు భూమిమీదనే కనుగొనెను.

మచిలీపట్టణమున పాగ్‌సన్ కూడ ఆ పసుపుగీతను చూచెను. అది సోడియము గీత యున్న చోటనే యున్నదో, దాని దగ్గర నున్నదో యని సందేహించి, ఆ సందేహమును తన నివేదికలో వ్రాసి యుంచెను. ఆ నివేదిక మద్రాసు ప్రభుత్వపు అచ్చుపత్రములలో నిలిచిపోయి, ఐరోపా పండితులకు అంతగా చేరలేదు. ఈయన సామాన్యుడు కాడు. 1861లో మద్రాసునుండి ఆయన కనిపెట్టిన చిన్నగ్రహమునకు ‘ఆసియా’ అని పేరు. ఈ ఖండమునుండి కనుగొనబడిన మొదటి చిన్నగ్రహ మది. అంతకుముందే, 1856లో, ఒక నక్షత్రము ఇంకొక నక్షత్రముకన్న ఎన్ని రెట్లు ప్రకాశించునో కొలుచు లెక్కను స్థిరపఱచినది ఈయనయే. మొదటి తరగతి నక్షత్రము ఆఱవ తరగతి నక్షత్రముకన్న నూఱు రెట్లు కాంతిమంతమనియు, తరగతికిని తరగతికిని నడుమ సుమారు రెండున్నర రెట్ల భేదమనియు చెప్పు ఆ కొలతనే నేటికిని జ్యోతిశ్శాస్త్రజ్ఞులెల్లరు వాడుచున్నారు.

ఆయన విషయమున ఏ క్రియను వాడవలెను? జాన్సెన్ ఆయనను ఎక్లిప్స్ చేసెననుట న్యాయము కాదు. జాన్సెన్ ప్రతిభ జాన్సెనుది. లాకయర్ ఆయన సీను తినివేయలేదు. ఆయన యుఱుమును ఎవ్వరును దొంగిలింపలేదు. కర్తను వెదకు ఇంగ్లీషు వాక్యము ఇచట ఎవరినో ఒకరిని నిందింపక సాగదు. తెలుగున మాత్రము ఆయన పేరు మఱుగునపడినది అందుము, ఆ యొక్క మాట చాలును. అనువాదము చేయు తమ్ములకును చెల్లెండ్రకును నా మనవి ఇదియే: ఎక్లిప్స్ అను మాట ఎదురైనపుడు నిఘంటువును తెఱచుటకు ముందు, ఎవరు వెలిగిరో, ఎవరు వెలవెలబోయిరో, ఎవరైన ఎవరికైన అడ్డు వచ్చిరో, ఆ యడ్డు పూనికతో వచ్చినదో కాదో విచారించి, ఆ మీదట కలము పట్టుడు.

పాగ్‌సన్ 1891లో మద్రాసులోనే మరణించెను. ఆనాడు సూర్యుని కప్పిన చంద్రునిపై నేడు ఆయన పేరిట ఒక బిలము కలదు. అది భూమినుండి కానరాని ఆవలివైపున నున్నది.